1984 డాల్ఫిన్ కారు తెచ్చా, ఓమ్నీ ఇంజిన్ పెడదామనుకుంటున్నా. తిట్టేవాళ్ళు తిట్టండి, తెలిసినవాళ్ళు చెప్పండి

సబ్బుపెట్టె_84:
అందరికీ నమస్తే. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు, ఇప్పుడు రాయక తప్పట్లేదు ఎందుకంటే ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడట్లేదు. సిపానీ డాల్ఫిన్ కొన్నా. 1984 మోడల్, రెండు తలుపులది, ఫైబర్ బాడీ, ఒకప్పుడు తెలుపంట ఇప్పుడు అరిగిపోయిన పన్ను రంగు. తెనాలి దగ్గర ఒక రైస్ మిల్లు వెనకాల చింతచెట్టు కింద 2009 నుంచి పడుంది, మిల్లాయన నాన్నకి తెలిసినాయనే, 30 వేలకి ఇచ్చాడు. వెనక సీట్లో కోడి పొదుగుతూ ఉంది, జోక్ కాదు, కోడినీ గుడ్లనీ ఆయన తీసుకుని బండి నాకిచ్చాడు.

కొత్త బ్యాటరీ వేసి, క్యాన్‌లో పెట్రోలు పెట్టి, మూడు గంటలు కుస్తీ పడితే ఇంజిన్ స్టార్ట్ అయింది. సౌండ్ బానే ఉంది. కానీ నాలుగు కిలోమీటర్లు పోగానే కుతకుతా ఉడికిపోతోంది, రేడియేటర్ మూత దగ్గర ఆవిరి. ఊళ్ళో మెకానిక్ చూసి ఇది తీసి పారేసి ఓమ్నీ ఇంజిన్ పెట్టుకో బాబూ అన్నాడు. నా ప్లాన్ కూడా అదే: ఓమ్నీ ఇంజిన్, గేర్‌బాక్స్, మారుతి 800 పన్నెండు అంగుళాల చక్రాలు, ముందు డిస్క్ బ్రేకులు. ఎవరైనా చేశారా? ఎంత అవుద్ది?

ఓరుగల్లు_రైడర్:
అన్నా ఏమనుకోకు గానీ నవ్వు ఆగుత లేదు 😂 గా పైసలకు ఇంకో ఇరవై కలిపితే నడిచే ఆల్టో వస్తుండె గదా. మా మామ కాడ గిదే ఉండె చిన్నప్పుడు, పెండ్లికి పోతే పార్కింగ్‌ల పోరగాళ్ళు నలుగురు లేపి పక్కకు పెట్టిన్రు. లోపల మా అత్త కూసోని ఉంది.

పద్మిని_అక్క:
నవ్వేవాళ్ళు నవ్వనీ తమ్ముడూ, నేను పాత ప్రీమియర్ 118 ఎన్ఈ కారు కొన్నప్పుడు కూడా ఇదే గోల. కంగ్రాట్స్. ఫోటోలు పెట్టు, ముఖ్యంగా బండి కింద నుంచి తీసినవి. పైనుంచి ఫోటోలు ఫైబర్ బండికి దండగ.

పాత_ఇనుము:
బాబూ, నేను ముప్పై ఏళ్ళు వర్క్‌షాప్ నడిపి ఇప్పుడు మూసేసినవాణ్ణి. డాల్ఫిన్లు ఒక ఏడెనిమిది చేతిలో పడ్డాయి. ఇంజిన్ మార్చే ముందు అసలు నీ దగ్గరున్నది ఏమిటో తెలుసుకో.

నీ బండి ఇంగ్లాండులో రిలయంట్ అనే కంపెనీ 1975లో తెచ్చిన కిటెన్. వాళ్ళు 1982లో ఆపేశారు, బెంగళూరు సిపానీ వాళ్ళు ఇక్కడ డాల్ఫిన్ పేరుతో అమ్మారు. అంతకు ముందు వీళ్ళదే బాదల్ అని మూడు చక్రాల వింత ఒకటుండేది, దాని సంగతి ఇంకోసారి. కిటెన్ ఇంజిన్ 848 సీసీ, నాలుగు సిలిండర్లు, 40 హార్స్ పవర్, మొత్తం అల్యూమినియం. పైనుండే హెడ్డు మాత్రమే కాదు, సిలిండర్లుండే బ్లాకు కూడా. 1962లో రిలయంట్ వాళ్ళు 600 సీసీతో మొదలుపెట్టిన డిజైన్ అది, బ్రిటన్‌లో పెద్ద ఎత్తున తయారైన మొదటి ఆల్ అల్యూమినియం ఇంజిన్ అదేనంటారు. మన అంబాసిడర్ ఇంజిన్ పట్టుకున్న చేత్తో దీన్ని పట్టుకుంటే బొమ్మలా ఉంటది. పాడైంది అనుకునే ముందు ఒక్కటే ప్రశ్న. రేడియేటర్లో ఏం పోశావు?

సబ్బుపెట్టె_84:
నీళ్ళు సార్. బోరు నీళ్ళు. ఇంకేం పోస్తారు?

పాత_ఇనుము:
అదీ సంగతి. కూర్చో, కాస్త పెద్దదే చెప్తా.

ఈ ఇంజిన్‌కి సిలిండర్లు ఇనప లైనర్లు, అంటే గొట్టాలు. అల్యూమినియం బ్లాకులో విడిగా కూర్చుంటాయి, చుట్టూ నీళ్ళు తిరుగుతుంటాయి, వెట్ లైనర్ అంటారే అది. ఇనుము, అల్యూమినియం, మధ్యలో ఉప్పు బోరు నీళ్ళు. బ్యాటరీ తయారైనట్టే కదా. అల్యూమినియం కరుగుతది, ఇనుము తుప్పు పడతది, ఆ మడ్డంతా పోయి వెనక వైపు, నాలుగో సిలిండర్ చుట్టూ అడుగున పేరుకుంటది. అక్కడ నీళ్ళు తిరగవు. ముందు సిలిండర్ చల్లగానే ఉంటది, వెనకది కాలిపోతుంటది. నువ్వు రేడియేటర్ మార్చినా, ఫ్యాన్ మార్చినా, థర్మోస్టాట్ పీకేసినా (మనవాళ్ళు మొదట చేసేది అదే) ఉడకడం ఆగదు. అప్పుడు మెకానిక్ ఇంజిన్ వేస్ట్ అంటాడు. ఆ ఇంజిన్ చేసిన పాపం ఏమిటి, ఎండాకాలం కూడా కూలెంట్ అడగడమే కదా. ఆ కూలెంట్‌కే యాంటీఫ్రీజ్ అని పేరు పెట్టి మన వాళ్ళని మోసం చేశారు, మంచు లేని ఊళ్ళో మనకెందుకులే అనుకున్నారంతా. అందులో తుప్పు పట్టకుండా ఆపే మందు ఉంటుందని ఎవడికీ చెప్పలేదు.

బ్లాకు పక్కన డ్రెయిన్ ఉంటది, విప్పి చూడు. నీళ్ళు రాకపోతే భయపడకు, సైకిల్ పుల్ల పెట్టి కెలుకు.

సబ్బుపెట్టె_84:
సార్ 🙏 విప్పా. ఒక్క చుక్క రాలేదు. పుల్ల పెట్టి కెలికితే ముందు ఎర్రగా బురద, తర్వాత చాక్లెట్ పేస్టులాంటిది, తర్వాత ఇసక. టీ గ్లాసుడు వచ్చింది ఇప్పటికి, ఇంకా వస్తోంది.

ఓమ్నీ_కింగ్:
నాలాగా ఆలోచించేవాళ్ళు లేరా ఇక్కడ? ఆ టీ గ్లాసు అక్కడే పడేసి ఓమ్నీ ఇంజిన్ పెట్టు బ్రో. మారుతి 800దీ ఓమ్నీదీ ఒకటే 796 సీసీ ఇంజినే, కానీ 800లో అడ్డంగా ఉండి ముందు చక్రాలు తిప్పుద్ది, ఓమ్నీలో నిలువుగా ఉండి వెనక చక్రాలు తిప్పుద్ది. డాల్ఫిన్ కూడా వెనక చక్రాల బండే కాబట్టి ఇంజిన్, గేర్‌బాక్స్ సెట్టుగా దింపేసి, వెనక చక్రాలకి పోయే ప్రొపెల్లర్ షాఫ్ట్ లేత్ మీద కట్ చేయించి జాయింట్ చేస్తే అయిపోయె. స్పేర్లు ప్రతి ఊళ్ళో దొరుకుతాయి. డాల్ఫిన్ హెడ్ గ్యాస్కెట్ అడిగి చూడు షాపులో, చేపల మార్కెట్‌కి పంపిస్తారు.

పద్మిని_అక్క:
@ఓమ్నీ_కింగ్ స్పేర్ల సంగతి నిజం, ఒప్పుకుంటా. కానీ ఒక లెక్క చూడండి. ఓమ్నీ కార్బొరేటర్ ఇంజిన్ 35 హార్స్ పవర్ అటూ ఇటూ. ఇక్కడున్నది 40. అంటే మార్చి, ఖర్చు పెట్టి, పవర్ తగ్గించుకోవడం అన్నమాట 😀 పైగా ఓమ్నీలో ఇంజిన్ సీటు కింద పక్కకి ఒరిగి పడుకుని ఉంటుంది, దాన్ని బానెట్ కింద పెట్టాలంటే మౌంట్లు కొత్తగా చేయాలి, సంప్ (అడుగున ఆయిల్ ఉండే తొట్టి) ఎక్కడ తగులుద్దో చూడాలి, కార్బొరేటర్ ఏ మూలకి వస్తుందో చూడాలి. పవర్ కోసమైతే పాత జిప్సీ 970 సీసీ నయం, అది నాలుగు సిలిండర్లు, అదీ నిలువుగానే ఉంటుంది. కానీ ఐదారు వందల కిలోల బండికి, నాలుగు వైపులా డ్రమ్ బ్రేకులున్నదానికి, అంత పవర్ ఎందుకో నాకర్థం కాదు.

ఓమ్నీ_కింగ్:
సరే అక్కా పవర్ ఒప్పుకున్నా. నమ్మకం మాట చెప్పు మరి. అర్ధరాత్రి హైవే మీద ఆగిపోతే?

పద్మిని_అక్క:
అర్ధరాత్రి హైవే మీదకి డాల్ఫిన్ ఎందుకు తీసుకెళ్తావయ్యా.

ఫారం_నంబర్_ఎంత:
ఇంజిన్ల గొడవలో పడి ఆర్సీ సంగతి ఎవరూ అడగలేదు. నేను ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరిగే పనిలోనే ఉన్నా కాబట్టి చెప్తా. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడాగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ఇంజిన్ నంబర్ ఆర్సీలో ఒకటి, బానెట్ కింద ఇంకోటి ఉంటే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టినప్పుడు ఏం చెప్తావు? యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాడు వెతికేది కూడా అదే.

నీ ఆర్సీ 15 ఏళ్ళకి 1999లో ఒకసారి, తర్వాత ఐదేళ్ళకోసారి రెన్యువల్ అయి 2009లో ఆగిపోయినట్టుంది. కారు రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ దాకా 600 ఉండేది, అప్పుడు 5,000 చేశారు, 2025లో ఇరవై ఏళ్ళు దాటిన కార్లకి 10,000 చేశారు, దాని మీద ఆలస్యానికి నెలల లెక్క వేరే. ముందు ఆఫీసులో అడిగి ఎంత అవుతుందో రాయించుకో. బండి కన్నా అదే ఎక్కువైనా ఆశ్చర్యపోకు.

ఓరుగల్లు_రైడర్:
వింటేజ్ కింద పెట్టొచ్చు కదన్నా? గా వీఏ నంబర్ ప్లేట్ ఇస్తున్నరంట.

ఫారం_నంబర్_ఎంత:
2021లో వచ్చిన రూల్ అది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటాలి. 1984కి 50 కలుపు, 2034. ఇంకో మాట, ఆ రూల్‌లో బండి అసలు రూపంలో ఉండాలని, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదని ఉంది. ఓమ్నీ ఇంజిన్ పెట్టావంటే 2034లో కూడా ఆ తలుపు మూసుకున్నట్టే.

సబ్బుపెట్టె_84:
ఇది నాకు అస్సలు తెలీదు. 2034కి నా కూతురు ఇంటర్‌లో ఉంటది. ఆలోచిస్తా.

కమాను_కట్ట:
లేటుగా వచ్చా. అందరూ ఇంజిన్ ఇంజిన్ అంటున్నారు, ఛాసిస్ చూశావా లేదా? ఫైబర్ బాడీతో వచ్చే మోసం ఇదే, మామూలు బండికి డోరు కింద బొక్క పడితే కళ్ళకి కనబడుద్ది, దీనికి పైన బాడీ తుప్పు పట్టదు కాబట్టి నలభై ఏళ్ళైనా తళతళలాడుతూ ఉంటది, కింద ఇనప ఫ్రేమ్ మాత్రం పాపడంలా అయిపోయుంటది. అదీ కింద వైపు కాదు, ఫ్రేముకీ ఫైబర్‌కీ మధ్యన మట్టి ఇరుక్కుంటది చూడు ఆ పైవైపు. పెద్ద స్క్రూడ్రైవర్ తీసుకుని వెనక కమాను కట్టలు పట్టుకునే బ్రాకెట్ల దగ్గర, ముందు చక్రాలని పట్టే విష్‌బోన్లు బిగించే చోట గుచ్చుతా పో. దిగిందంటే ఇంజిన్ గురించి మాట్లాడటం ఆపు.

సబ్బుపెట్టె_84:
దిగింది.

వెనక ఎడమ బ్రాకెట్ దగ్గర. పిడి దాకా దిగింది అన్నా. ముందు వైపు గట్టిగానే ఉంది.

కమాను_కట్ట:
ఒక్క చోటే అయితే అదృష్టమే. బాడీ మొత్తం లేపనక్కర్లేదు, బోల్టులు లూజు చేసి వెనక వైపు ఒక జానెడు ఎత్తి చెక్క దిమ్మలు పెట్టండి, కుళ్ళిందంతా కోసేసి మంచి ఇనుము కనబడేదాకా పోయి అదే మందం ప్లేటు వేయించండి. తుప్పు మీద ప్లేటు అతికించే బాపతు వెల్డర్ దగ్గరికి వెళ్ళొద్దు. ఇంకోటి, ఫైబర్ పక్కన వెల్డింగ్ అంటే మామూలు విషయం కాదు, ఫైబర్‌లో ఉండే రెసిన్ అంటుకుంటే నల్ల పొగతో నిమిషాల్లో పోద్ది. పెట్రోల్ ట్యాంక్ దించేయాలి, బ్యాటరీ విప్పాలి, తడి గోనెసంచులు కప్పాలి, ఒక మనిషి నీళ్ళ బకెట్టు పట్టుకుని పక్కనే నిలబడాలి. ఆ మనిషి ఫోన్ చూడకూడదు.

కరెంటు_కాంతమ్మ:
వైరింగ్ గురించి నేను చెప్పకపోతే నా పేరుకి అర్థం లేదు. లైట్లు డిమ్ముగా ఉన్నాయా? ఇండికేటర్ వేస్తే బ్రేక్ లైట్ కూడా కన్ను కొడుతోందా?

సబ్బుపెట్టె_84:
అక్కా మీరు జ్యోతిష్యం చెప్తారా. హార్న్ కొడితే పార్కింగ్ లైట్ వెలుగుతోంది!

కరెంటు_కాంతమ్మ:
జ్యోతిష్యం కాదు, ఎర్త్. ఇనప బండికి బాడీయే నెగటివ్, బల్బు హోల్డర్ ఎక్కడ బిగించినా కరెంటు వెనక్కి పోద్ది. ఫైబర్‌లో కరెంటు పారదు కదా. అందుకని ప్రతి లైటుకీ విడిగా ఒక ఎర్త్ వైరు ఛాసిస్‌కి వస్తుంది. నలభై ఏళ్ళలో ఆ చివర్లు పచ్చగా చిలుం పట్టి ఉంటాయి. దారి దొరకని కరెంటు పక్క బల్బులో నుంచి దూరి పోద్ది, అదే నీకు కనబడే మాయ. నీ ముందు ఈ బండి చూసిన ఎలక్ట్రీషియన్లంతా స్విచ్చులు మార్చి ఉంటారు, ఏ స్విచ్చూ తప్పు చేసి ఉండదు.

ముందొకటి, వెనకొకటి ఇత్తడి పట్టీ పెట్టి, అన్ని ఎర్త్‌లూ వాటికి తెచ్చి, అక్కడినుంచి లావుపాటి వైరు బ్యాటరీ నెగటివ్‌కి ఇవ్వు. ఇంజిన్‌కి విడిగా ఒక పట్టా. ఒక్క ఆదివారం పని. దీన్ని కూడా మోడిఫికేషన్ అనే అంటా నేను, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కూడా ఏమీ అనడు.

ఓరుగల్లు_రైడర్:
టైర్ల సంగతి చెప్పుర్రి, 10 ఇంచులు ఏడ దొరుకుతయ్? స్కూటర్ టైర్లు 3.50-10 ఎక్కించరాదు?

కమాను_కట్ట:
వద్దు వద్దు. స్కూటర్ టైర్ ఒరిగి మలుపు తిరగడానికి చేసింది, కారు చక్రం నిటారుగా ఉండి పక్కకి తోస్తది, సైడ్‌వాల్ తట్టుకోదు. గూడ్స్ ఆటోలకి వచ్చే 4.50-10 కొంతమంది వేశారు, బరువు మోస్తది గానీ పట్టు లేదు, వానలో బ్రేక్ కొడితే దేవుడే. అసలు సైజు 145 ఆర్ 10, పాత మినీ కార్లదీ అదే సైజు, కాబట్టి మినీలు ఉంచుకున్నవాళ్ళని అడిగితే ఎక్కడ తెప్పిస్తారో చెప్తారు.

మారుతి చక్రాలు నేరుగా కూర్చోవు. 800 పన్నెండు అంగుళాల చక్రం బోల్టుల పీసీడీ, అంటే బోల్టులుండే వలయం వ్యాసం, 114.3 మిల్లీమీటర్లు, కిటెన్‌ది మినీ లెక్కే, నాలుగు అంగుళాలు, అంటే 101.6. రంధ్రాలు సాగదీసి ఎక్కించే మహానుభావులు ఉన్నారు, వాళ్ళ బండి వెనకాల నేను వెళ్ళను.

సబ్బుపెట్టె_84:
(ఐదు వారాల తర్వాత)

బ్యాడ్ న్యూస్. ఛాసిస్ వెల్డింగ్ అయింది, బాగా వచ్చింది, గోనెసంచులు రెండు కాలాయి అంతే. ఎర్త్‌లు అయ్యాయి, ఇప్పుడు హార్న్ కొడితే హార్నే మోగుతోంది. ఇంజిన్ మార్చడం మానుకున్నా, హెడ్డు తీసి మడ్డి పూర్తిగా కడిగిద్దామని ఒక వర్క్‌షాప్‌లో ఇచ్చా. హెడ్డు రావడానికే నాలుగు రోజులు పట్టింది, హెడ్డుని బిగించే స్టడ్లకి (పొడుగు బోల్టులు) అల్యూమినియం కరుచుకుపోయింది, రోజూ తుప్పు వదిలే ఆయిల్ పోసి వేడి చేసి చెక్క సుత్తితో కొట్టి మొత్తానికి లేపారు. లోపల నాలుగో లైనర్ చుట్టూ సగం ఎత్తు దాకా మడ్డి. మంచి నీళ్ళతో, సన్న తీగతో శుభ్రం చేశారు. అంతా బిగించి స్టార్ట్ చేస్తే రెండో రోజుకి ఆయిల్ స్టిక్ మీద మజ్జిగ. ఆయిల్లో నీళ్ళు. హెడ్ గ్యాస్కెట్ కొత్తది సార్, దొరకడానికే మూడు వారాలు తిరిగా.

పాత_ఇనుము:
హెడ్డు తీసి ఉన్నప్పుడు పిస్టన్లని నడిపే క్రాంక్ తిప్పారా?

సబ్బుపెట్టె_84:
కుర్రాడు పిస్టన్లు పైకి తెచ్చి కార్బన్ గీకాడు. తిప్పే ఉంటాడు. నేను అక్కడే ఉన్నా సార్, నేనే టార్చ్ పట్టుకున్నా.

పాత_ఇనుము:
తప్పు నాది, ముందే చెప్పాల్సింది. ఈ లైనర్లని కింద గట్టిగా పట్టి ఉంచేది పైనున్న హెడ్డే. హెడ్డు లేనప్పుడు క్రాంక్ తిప్పితే పిస్టన్‌తో పాటు లైనర్ కూడా వెంట్రుకంత లేస్తది, అడుగున ఉన్న సన్న గ్యాస్కెట్ కదులుతది, మళ్ళీ అంతే సరిగ్గా కూర్చోదు. నీళ్ళు అక్కడినుంచి సంప్‌లోకి. అందుకే మేము స్టడ్ల మీద పెద్ద వాషర్లు, పైపు ముక్కలు వేసి నట్లు బిగించి లైనర్లు నొక్కి పెట్టి అప్పుడు తిప్పేవాళ్ళం. కుర్రాణ్ణి తిట్టకు, లైనర్ బ్లాకులోనే కలిసి ఉండే మారుతీల మీద పని నేర్చుకున్నవాడికి ఇది ఎలా తెలుస్తది.

ఇప్పుడు చేయాల్సింది: ఇంజిన్ కిందకి దించు, బరువుండదు, ఇద్దరు చాలు. లైనర్లు నాలుగూ బయటికి, నంబర్లు వేసి, ఏది ఏ వైపు తిరిగి ఉందో గుర్తు పెట్టి. కూర్చునే చోటు అద్దంలా శుభ్రం చెయ్యి. కొత్త అడుగు గ్యాస్కెట్లు. తర్వాత లైనర్ అంచు బ్లాకు మీదకి కొంచెం లేచి ఉండాలి, నాలుగూ ఒకే ఎత్తులో, డయల్ గేజ్ ఉన్న లేత్ మేస్త్రితో కొలిపించు. అది తేడా ఉంటే ఎన్ని హెడ్ గ్యాస్కెట్లు వేసినా ఊదేస్తది. మజ్జిగ ఆయిల్‌తో మాత్రం ఇంజిన్ మళ్ళీ స్టార్ట్ చేయకు, బేరింగులు పోతాయి.

ఓమ్నీ_కింగ్:
నేనేం అనట్లేదు. ఊరికే చెప్తున్నా, మా వీధిలో ఓమ్నీ ఇంజిన్ ఒకటి గేర్‌బాక్స్‌తో సహా ఉంది 😇

సబ్బుపెట్టె_84:
(ఇంకో రెండు నెలల తర్వాత)

ఫోటోలు పెట్టా చూడండి. లైనర్లు ఈసారి నేనే దగ్గరుండి చేయించా, లేత్ మేస్త్రి గారు ఒక లైనర్ తక్కువ ఎత్తులో ఉందని పట్టుకున్నారు, అది సరిచేసి బిగించాం. కూలెంట్ డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోశా, బోరు పైపు వైపు చూడను కూడా చూడలేదు. పెట్రోలు గొట్టాలన్నీ మార్చేశా, ఇప్పుడొచ్చే ఈ20కి (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) పాత రబ్బరు మెత్తబడి పొరలు ఊడుతోందని కాంతమ్మ గారు వేరే థ్రెడ్‌లో రాశారు కదా, నిజమే, పంపు దగ్గర గొట్టం వేలితో నొక్కితే జిగురులా అంటుకుంది. చక్రాలు 10 అంగుళాలవే ఉంచా. డిస్క్‌లు కూడా మానేశా, ఆ చిన్న చక్రంలో పట్టే డిస్క్ వెతకడం కన్నా డ్రమ్ములు తిప్పించి, కొత్త లైనింగులు, కొత్త వీల్ సిలిండర్లు వేయడం తేలికైంది. బండి బరువుకి సరిపోతున్నాయి.

ఊరి లోపలి దారిలో మిల్లు దాకా వెళ్ళి వచ్చా, రానూ పోనూ 27 కిలోమీటర్లు. టెంపరేచర్ సూది మధ్యలోనే ఉంది. దిగి రేడియేటర్ పట్టుకు చూశా, కింద పైపు పైదానికన్నా చల్లగా ఉంది.

పెట్రోల్ బంకులో కుర్రాడు చుట్టూ తిరిగి చూసి, ఇది ఏ కంపెనీ ఎలక్ట్రిక్ బండి సార్, కొత్తగా వచ్చిందా అన్నాడు.

ఓరుగల్లు_రైడర్:
😂😂 అన్నా నేను మాట వెనక్కి తీసుకుంటున్న. ఒక్కసారి నడపనిస్తవా?

ఫారం_నంబర్_ఎంత:
రెన్యువల్ అయిందా? ఫిట్‌గా ఉందని రాయించుకునేదాకా మెయిన్ రోడ్డెక్కకు.

సబ్బుపెట్టె_84:
వచ్చే మంగళవారం చూపించాలి. ఛాసిస్ నంబర్ మీద రంగు గీకి పెట్టా, కనబడుతోంది. ఇంజిన్ నంబర్ అదే, ఆర్సీలో ఉన్నదే 😀

కుడి తలుపు మాత్రం కిందకి వాలుతోంది, హింజ్ దగ్గర ఫైబర్ నెర్రెలిచ్చింది. పుట్టీ పెడితే ఊడిపోద్దా?

పద్మిని_అక్క:
పుట్టీ అస్సలు వద్దు. లోపలి వైపు గరుగ్గా గీకి, ఫైబర్ మ్యాట్ రెసిన్‌తో మూడు పొరలు వెయ్, ఆ పొరల వెనకాల హింజ్ బోల్టులకి ఒక స్టీలు ప్లేటు పెట్టు. హార్డెనర్ ఎక్కువ కలపకు, త్వరగా గట్టిపడుద్దని ఆశపడితే వేడెక్కి పగులుద్ది. బయట ముందు ముట్టుకోకు.

సబ్బుపెట్టె_84:
సరే అక్కా, ఆదివారం చేస్తా.

ఎడిట్: మిల్లు దగ్గర గంట సేపు తలుపు తీసి ఉంచా. ఇంటికొచ్చి చూస్తే వెనక సీట్లో గుడ్డు.